రెండు గుమ్మాల వెబ్‌సైటు

నా ఉద్యోగ జీవితంలో చేసిన తెలివితక్కువ పనులన్నీ చెప్పుకుంటూ పోతే మీ ఆదివారం అంతా దానికే సరిపోతుంది. అందుకని, చాలా తెలివిగా చేస్తున్నాననుకుని చేసిన తెలివితక్కువ పని ఒక్కటే ఎంచుకున్నాను. ఒకే వెబ్‌సైటుకి రెండు పేర్లు పెట్టించాను. ఆ ఆలోచన నాదేనని కనపడ్డవాళ్లందరికీ చెప్పాను కూడా. తర్వాత, అబ్బే నాది కాదు అందామంటే, చెప్పనివాడు ఒక్కడైనా మిగిలితే కదా.

నేను పనిచేసింది భీమవరంలో ఒక రొయ్యల మేత కంపెనీలో. హోదా టెక్నికల్ ఆఫీసరు. అంటే మోటారు సైకిలు మీద చెరువు గట్లన్నీ తిరిగి, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చెరువులో ట్రే ఎత్తి చూసి, నీళ్ల రంగు చూసి, రైతు మొహం రంగు చూసి, రెండిటికీ తగిన మాట చెప్పి రావడం. నీళ్ల రంగుని బట్టి చెప్పిన సలహాల కంటే మొహం రంగుని బట్టి చెప్పినవే ఎక్కువ ఫలించాయని నా అనుభవం.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఊళ్లో మేత దుకాణాల పక్కన ఇంటర్నెట్ సెంటర్లు మొలిచాయి. ప్లైవుడ్ గదుల్లో ఒకదాంట్లో ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడు, పక్కదాంట్లో తెల్లచొక్కా రొయ్యల రైతు. రైతు విదేశాల్లో రొయ్య ధర చూసుకునేవాడు. కుర్రాడు ఏం చూసేవాడో మనకి అనవసరం. ఇది గమనించిన మా ఎండీ గారికి, రైతులంతా ఒకచోట చేరి మాట్లాడుకునే వెబ్‌సైటు ఒకటి పెడితే బాగుంటుందనిపించింది. ఈ రోజుల్లో మీ ఫోన్లో ఇలాంటి గుంపులు ఎన్ని ఉంటాయో మీకే తెలియదు. అప్పట్లో అది కొత్త చెరువు తవ్వినంత సంగతి. కంపెనీ మొత్తం మీద కీబోర్డు చూడకుండా టైపు కొట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక, ఆ పని నా మీద పడింది. చిన్నప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చోబెట్టినందుకు ఆ రోజు మా నాన్నని తలచుకున్నాను, ఏమని తలచుకున్నానో మాత్రం అడక్కండి.

పేరు దగ్గరే పేచీ వచ్చింది. ఎండీ గారిది పశ్చిమ గోదావరి. కాబట్టి పశ్చిమ అన్న మాటతో మొదలయ్యే పేరు రిజిస్టరు చేయించారు. ఆయన వియ్యంకుడు గారిది తూర్పు, అమలాపురం దిగువన. ఆ జిల్లాలో మా మేత అమ్మకమంతా ఆయన చేతి మీదే. పేరు వినగానే ఆయన కాఫీ కప్పు కింద పెట్టేసి, మా రైతులు పక్క జిల్లా బోర్డు కింద నిలబడి మాట్లాడరండి ఆయ్, అన్నారు. గోదారికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ ఎరగనివాళ్లకి ఒక మాట చెప్పాలి. మా రెండు జిల్లాలవాళ్లూ పులస ఎవరిది, పూతరేకు ఎవరిది దగ్గర్నించి, మర్యాద ఎవరికి ఎక్కువ అన్నదాని మీద కూడా ఎంతో అమర్యాదగా పోట్లాడుకోగలరు.

అప్పుడు నేను నోరు తెరిచాను. ఇల్లు ఒకటే కట్టిద్దామండీ, వీధి గుమ్మాలు రెండు పెడదాం, అన్నాను. పశ్చిమ పేరు కొడితే పైన ఆకుపచ్చ బోర్డు వస్తుంది, తూర్పు పేరు కొడితే నీలం బోర్డు. లోపల మాటామంతీ అందరికీ ఒకటే. వియ్యంకులిద్దరూ ఒకే మాటకి ఒకేసారి తలూపడం, పిల్లల పెళ్లి ముహూర్తం తర్వాత మళ్లీ అప్పుడే జరిగింది.

సైటు తయారుచేసింది ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పే ఒక కంప్యూటర్ మేడమ్ గారు. చిన్న వయసు, మితమైన మాట. ఆవిడ నాకు ముందే చెప్పారు. ఒక పేరు మీద లోపలికి వచ్చిన మనిషిని రెండో పేరు గుర్తుపట్టదట. ఒక సినిమా హాల్లో చింపిన టికెట్టు పక్క హాల్లో చెల్లనట్టే. కాబట్టి ఎవరు ఏ పేరు కొట్టినా అందర్నీ చివరికి ఒకే పేరు దగ్గరికి పంపించేద్దామన్నారు. పైన పేరు మారిపోతే వియ్యంకుడు గారు చూస్తారు, వద్దన్నాను. పోనీ, సభ్యత్వమైనా మనిషికి ఒకటే ఉంచుదాం, చేరేటప్పుడు ఎవరు ఏంటో కాస్త విచారిద్దాం అన్నారు. అదీ వద్దన్నాను. ఎందుకంటే వియ్యంకులిద్దరికీ ఎవరి గుమ్మంలోంచి ఎంతమంది వచ్చారో వారం వారం లెక్క కావాలి. విచారించడం మొదలుపెడితే జనం తగ్గుతారు, జనం తగ్గితే నన్ను విచారిస్తారు.

"లాగిన్ అంటే లోగిలి లాంటిది మేడమ్. ఎంతమంది వస్తే అంత కళ," అన్నాను.

పరీక్షలో లెక్క బదులు పద్యం రాసిన కుర్రాణ్ణి చూసినట్టు చూసి, నేను చెప్పినట్టే కట్టేశారావిడ.

సైటు బ్రహ్మాండంగా నడిచింది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ, రొయ్యపిల్ల సీడు గురించీ మేత గురించీ కరెంటు కోతల గురించీ జనం తెగ మాట్లాడుకున్నారు. ప్రతి మాట కిందా అన్నవాడి పేరూ, రాసిన వేళా, ఏ గుమ్మంలోంచి వచ్చాడో ఆ జిల్లా పేరూ పడేవి. కొన్నాళ్లకి ఒక వింత కనిపించింది. తూర్పు గుమ్మంలోంచి వచ్చిన ఒకాయన, నేను తూర్పువాణ్ణే అయినా నిజం ఒప్పుకోవాలి, రొయ్య పెంచడమంటే పశ్చిమవాళ్లదే, అని రాశాడు. మర్నాడు పశ్చిమ గుమ్మంలోంచి ఇంకొకాయన, మేం పశ్చిమవాళ్లం ఎంత చెప్పినా తూర్పువాళ్ల ఓర్పు మాకు రాదు, అని రాశాడు. ఇలాంటివి రోజురోజుకీ పెరిగాయి. ఎవడికి వాడు అవతలి గుమ్మంలోంచి దూరి, రెండో లాగిన్ పుచ్చుకుని, తన జిల్లాని తానే పొగుడుకుంటున్నాడని నాకు తట్టలేదు. వెబ్‌సైటు వల్ల ఇరు జిల్లాల మధ్య సామరస్యం పెంపొందుతున్నదని ఎండీ గారికి రిపోర్టు రాసి ఇచ్చాను. ఆయన అది చదివి కళ్లజోడు తుడుచుకున్నారు.

ఆ జనంలో ఒక్క లాగిన్‌తో ఉన్న మనిషి నాకు తెలిసి ఒకాయనే. వియ్యంకుడు గారి ప్రాంతం వారే, రిటైరైన హెడ్మాస్టరు గారు. ఆయన పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు, చివర విశ్రాంత ప్రధానోపాధ్యాయులు అని కూడా రాసుకునేవారు. ఏది అడిగినా అయ్యా అని మొదలుపెట్టి, భవదీయుడు అని ముగించేవారు. రిటైరైనప్పుడు చేతికి వచ్చినదంతా ఒక లీజు చెరువులో పోశారు. మొదటి పంట అంతంతమాత్రం. రెండో పంట కూడా పోతే చెరువు వదిలేసి ఏ ప్రైవేటు స్కూల్లోనో మళ్లీ బోర్డు ముందు నిలబడాలండి, మోకాళ్లు ఒప్పుకోవడం లేదు, అని ఒకసారి నాతో ఫోన్లో అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ నవ్వు ముందు వచ్చి మాట తర్వాత వచ్చింది.

ఆ ఏడు తెల్లమచ్చ జబ్బు తిరగబడింది. అది సోకిన రొయ్య మేత మానేసి, గట్టు పక్కకి చేరి, తల చిప్ప మీద తెల్లచుక్కలతో చచ్చిపోతుంది. చెరువంతా పోవడానికి కొద్ది రోజులు చాలు. దానికి మందు లేదు. చుట్టుపక్కల కనపడగానే, రొయ్య చిన్నదైనా సరే, వల పెట్టి పట్టేసి అమ్ముకోవడమే దారి. ఇది నాకు బాగా తెలుసు, ఎంతోమందికి చెప్పాను కూడా. అలా తెలిసినవాణ్ణి పదిమంది చేరి తెలియనివాణ్ణి చేశారు.

ఎలాగంటే, సైట్లో ఒక పొడి గురించి మాటలు మొదలయ్యాయి. చెరువులో చల్లితే తెల్లమచ్చ దగ్గరికి రాదట. మొదట పశ్చిమ సభ్యుడొకడు చెప్పాడు. ఇదంతా మోసం, నేను నమ్మను, అని తూర్పు సభ్యుడొకడు ఎదురు తిరిగాడు. ఇంకొకడు మధ్యస్థం చేశాడు. వాళ్లలో వాళ్లు తిట్టుకున్నారు, అలిగారు, మళ్లీ కలిశారు. చివరికి ఎదురు తిరిగిన తూర్పువాడే వచ్చి, చల్లి చూశాను, మీకు క్షమాపణలు, నా చెరువు బతికింది, అన్నాడు. పూతరేకు దగ్గర కలవనివాళ్లు పొడి దగ్గర కలిశారే! మందు లేదన్న నా చదువు పక్కకి తప్పుకుంది. తూర్పూ పడమరా ఒక్క మాట మీద నిలబడ్డాయంటే అందులో ఏదో ఉండి తీరాలి, రైతులు గమనించగలరు, అని రాసి, ఆ చర్చని సైట్లో అన్నిటికంటే పైన కదలకుండా పెట్టించాను.

అది జరిగిన కొద్ది రోజులకి ఒక ఉదయం, రోజూ ఉండే కోత చాలదన్నట్టు, భీమవరంలో సబ్‌స్టేషన్ దగ్గర ఏదో కాలిపోయి ఊరంతటికీ కరెంటు పోయింది. మా మేత మిల్లుకి జనరేటరు ఉంది కాబట్టి నేను కంప్యూటరు ముందే ఉన్నాను. ఫోను మోగింది. హెడ్మాస్టరు గారు. అమలాపురంలో ఇంటర్నెట్ సెంటర్ నుంచి మాట్లాడుతున్నారు.

సంగతి ఏంటంటే, ఆయన పక్క చెరువులో రొయ్యలు గట్టు చేరాయి. ఆయన చెరువులో ఆ పొద్దున్న ట్రేలో మేత మిగిలింది. వలలవాళ్లని ముందే మాట్లాడుకున్నారు, కానీ సైటు చూసి వద్దని చెప్పేశారు. పొడి బస్తాలు తెప్పించి గట్టు మీద దింపారు. నీళ్ల లోతుని బట్టి ఎంత చల్లాలో తెలుసుకుందామని సైట్లో అడిగారు.

"రోజూ అడక్కుండానే చెప్పేవాళ్లండి. ఇవాళ అడిగినా ఒక్కరూ పలకరేంటండీ?" అన్నారు.

చూశాను. నిజమే. ఆయన ప్రశ్న ఒక్కటే బిక్కుబిక్కుమంటూ ఉంది. పశ్చిమవాళ్లు పలకలేదంటే అర్థం ఉంది, ఊళ్లో కరెంటు లేదు. తూర్పువాళ్లకి ఏం వచ్చింది? తూర్పున కరెంటు ఉంది, మాస్టారే అక్కడి నుంచి మాట్లాడుతున్నారు. పైగా చెరువు నీళ్లు చిలికే ఏరేటరుకి డీజిలింజను బిగించడం గురించి ఇద్దరు తూర్పువాళ్లు కింద వేరే చోట కబుర్లాడుకుంటూనే ఉన్నారు. పొడి భక్తులు మాత్రం ఏ జిల్లావాళ్లయినా సరే, ఒక్కరూ లేరు.

మాస్టార్ని ఫోన్లో ఉండమని పాత మాటలన్నీ వెనక్కి తిప్పాను. కరెంటు కోతల వేళలు చెరువుల మీద బతికేవాళ్లకి కంఠతా వచ్చి ఉండాలి. ఏరేటర్లు ఆగితే రొయ్యకి ఊపిరాడదు. రెండు జిల్లాల కోతలూ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. నాకు నోటికి వచ్చిన ఒకే ఒక్క పద్యం అది. భీమవరంలో కోత పొద్దున్న, అమలాపురం వైపు మధ్యాహ్నం. తూర్పు పొడి భక్తులు ఏ రోజూ పొద్దున్న, మా ఊళ్లో కరెంటు లేని వేళ నోరు విప్పలేదు. మధ్యాహ్నం మాత్రం, వాళ్ల ఊళ్లల్లో దీపం వెలగని వేళ, గొంతు చించుకున్నారు. అంటే ఆ తూర్పువాళ్లు కూర్చున్నది భీమవరంలోనే.

జనరేటరు మీద తిరిగే ఫ్యాను కింద చెమటలు కక్కిన మనిషిని మీరు చూసి ఉండరు.

"మాస్టారూ, ఆ పొడి పక్కన పెట్టండి. వలలవాళ్లని రమ్మనండి," అన్నాను.

"అదేంటండీ, పైన మీరే రాశారు కదండీ. రెండు జిల్లాలూ ఒక్క మాట మీద ఉన్నాయని."

"రెండు జిల్లాలు కాదండీ. ఒక్క మనిషి అనుకుంటున్నాను."

"వాళ్లలో వాళ్లు పోట్లాడుకున్నారు కదండీ," అన్నారు మెల్లగా.

బయల్దేరి వస్తున్నానని చెప్పి పెట్టేశాను.

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాను. మోటారు సైకిళ్లు, అరటి గెలలు, పెళ్లివారి సామాను, వాటి మధ్య నేను. నడి గోదావరిలో నిలబడితే నేను ఏ జిల్లావాణ్ణో నాకే తెలియలేదు. ఒక ఆలోచన మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది. మాస్టారి చెరువు బాగానే ఉండి, నా మాట మీద ఎదగని రొయ్యని పట్టించేస్తే ఆయన పంట చెడగొట్టినవాణ్ణి నేనే. జబ్బు ఉంటే, ఇంతవరకూ ఆయన్ని ఆపినవాణ్ణీ నేనే. ఏ గుమ్మంలోంచి దూరినా ఎదురుగా నా మొహమే కనపడింది.

వలలవాళ్లు అప్పటికే వేరే చెరువుకి వెళ్లిపోయారు. మర్నాడు తెల్లవారాక గానీ దొరకలేదు. ఆ రాత్రి మాస్టారి ఇంట్లోనే పడుకున్నాను. పొద్దున్నే ఆయన భార్య పెట్టిన మినపరొట్టె వదిలేసి గట్టుకి వెళ్లానంటే నా స్థితి ఊహించుకోండి. గట్టు మీద పొడి బస్తాలు, వాటి పక్కన గొడుగుతో మాస్టారు, ఆయన పక్కన నేను. వల దిగింది.

"నేను వీపు తిప్పి బోర్డు మీద రాస్తూ ఉన్నా, పక్కవాడి హాజరు పలికినవాణ్ణి పట్టుకునేవాణ్ణండి," అన్నారాయన, నీళ్ల వైపే చూస్తూ. "గొంతు ఎంత మార్చినా తెలిసిపోయేది. ఇక్కడ గొంతు వినపడదు కదండీ."

నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మొదటి వల గట్టుకి లాగారు. రొయ్య చిన్నదే గానీ టపటపా ఎగురుతోంది, ప్రాణంతో ఉంది. తప్పు చెప్పానా అనుకున్నాను. గుప్పెడు చేతిలోకి తీసుకుని ఎండకి ఎత్తి చూశాను. అందులో రెండిటి తల చిప్ప మీద సూది మొనతో పెట్టినట్టు తెల్లచుక్కలు. ఇంకో గుప్పెడు తీశాను. మళ్లీ ఒకటి. మాస్టారికి చూపించాను. ఆయన గొడుగు మూసి, ఆ బస్తాల వైపు ఒకసారి చూసి, ఇంకో వల తొందరగా లాగండర్రా, అన్నారు.

మధ్యాహ్నానికి ఐసు పెట్టెల్లో సరుకు వెళ్లిపోయింది. లాభం అనడానికి లేదు, పెట్టిన అసలు మునగలేదు. పక్క చెరువాయన పొడినే నమ్ముకున్నాడు. పట్టడానికి రొయ్య మిగలక ఆయన చెరువులో వల పెట్టాల్సిన పని లేకపోయింది. మా మాస్టారు బోర్డు ముందు నిలబడాల్సిన పనీ లేకపోయింది. రొయ్యకి తెల్లమచ్చ వచ్చింది, నాకు నల్లమచ్చ తప్పింది, అనుకుంటూ పంటు ఎక్కాను. తప్పలేదని ఇవతలి ఒడ్డుకి వచ్చేసరికి అర్థమైంది. ఆ చర్చ సైట్లో ఇంకా అన్నిటికంటే పైనే ఉంది, నా మాటతో సహా. ముందు దాన్ని పైనుంచి దింపించాను.

పొడి ఎవరిదో కనుక్కోవడానికి కష్టపడలేదు. ఊళ్లో అది అమ్మేది ఒక్క దుకాణమే. దాని యజమాని మా మేతకి కూడా పెద్ద డీలరు. నాకు ఇష్టమైన మనిషి. ఎవరు కనపడినా బావగారూ అని భుజం మీద చెయ్యి వేస్తాడు. ఇంటర్నెట్ సెంటరు ఆయన దుకాణానికి ఆనుకునే ఉంది. అడిగితే దాచలేదు సరికదా, ముచ్చటపడ్డాడు. ఏ పేరు తనదో, ఏ పేరుకి ఏ ఊరు పెట్టాడో, ఏ పేరుకి కోపం ఎక్కువో కూడా చెప్పుకొచ్చాడు, పిల్లల గుణాలు చెప్పుకున్నట్టు. అలిగినవాణ్ణి తయారుచేయడానికే ఎక్కువ శ్రమ పడ్డాడట.

"ఒక్కడు చెబితే ఎవడు వింటాడు బావగారూ? పెళ్లిచూపులకి మనమొక్కళ్లమే వెళతామా? మనవాడు బంగారం అనడానికి నలుగురు చుట్టాల్ని తీసుకెళ్లమూ?"

"చెరువులు పోతున్నాయండీ."

"పోయే చెరువు ఎలాగూ పోతుంది. నా పొడి ఏమీ చేయదు, అందులో ఏమీ లేదు కూడా." టీ గ్లాసు నా చేతిలో పెట్టి మళ్లీ భుజం తట్టాడు. "అయినా రెండు గుమ్మాలు పెట్టించింది మీరే కదా. నేను ఉన్న గుమ్మాల్లోంచి నడిచాను, అంతే."

ఆ టీ ఎంత వేడిగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తే, ఎందుకంటే ఊదకుండా గుటక వేసేశాను.

ఎండీ గారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. తెల్లమచ్చకి మందు లేదని కంపెనీ పేరు మీద రాసి పెట్టించమన్నారు, అది పెట్టించాను. డీలరుని సైట్లోంచి వెళ్లగొడదామంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆయన అలిగితే పశ్చిమలో సగం మేత ఆగిపోతుంది. ఆయన రాసినవాటిలో ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దు, అన్నారు.

అలాగేనండీ, ఒక్క అక్షరం ముట్టుకోను, అన్నాను. ఆ మాట నేను అక్షరాలా నిలబెట్టుకున్నాను.

కంప్యూటర్ మేడమ్ గారి దగ్గరికి వెళ్లాను. ముందే చెప్పాను కదా అనకుండా ఉండటానికి ఆవిడ పడ్డ కష్టం స్పష్టంగా కనపడింది. గుమ్మాలు రెండూ ఉంచి, లోపల సభ్యత్వం మాత్రం మనిషికి ఒకటే చేద్దామన్నారు, నేను మొదట వద్దన్నదే. వియ్యంకులకి గుమ్మాలు ముఖ్యం కాబట్టి అభ్యంతరం రాలేదు. ఒకటికంటే ఎక్కువ లాగిన్లు ఉన్నవాళ్లు తామే చెప్పుకుంటే కలిపేస్తామని సైట్లో ప్రకటించాం, గడువు కూడా ఇచ్చాం. ఎంతోమంది సిగ్గుపడుతూ చెప్పుకున్నారు. అందులో వియ్యంకుడు గారు ఒకరు, ఆయనకి పశ్చిమ గుమ్మంలో ఒక లాగిన్ ఉంది. ఎండీ గారికి తూర్పు గుమ్మంలో ఒకటి ఉంది. తూర్పు ఓర్పుని మెచ్చుకున్నది ఎవరో, పశ్చిమ పెంపకాన్ని మెచ్చుకున్నది ఎవరో నాకప్పుడు తెలిసింది. నాకూ ఒకటి ఉండేది గానీ దాని సంగతి ఇక్కడ అప్రస్తుతం.

డీలరు గారు మాత్రం చెప్పుకోలేదు. ఆయన దుకాణంలో ముచ్చటగా చెప్పిన పేర్లన్నీ నేను మేడమ్ గారికి చెప్పాను. అన్నీ ఒకే కంప్యూటరు నుంచి, ఒకదాని వెంట ఒకటి వచ్చినవేనని ఆవిడ తన పద్ధతిలో సరిచూసుకున్నారు. గడువు అయిపోయిన రోజున ఆ లాగిన్లన్నీ కలిపి, ఆయన అసలు పేరు కిందకి చేర్చేశారు. రాసిన మాటల్లో ఒక్క అక్షరం తీయలేదు, ఒక్క అక్షరం కలపలేదు. ఎవరు అన్నారో ఆ పేరు మాత్రం సరిచేశాం. దింపిన చర్చని మళ్లీ పైకి ఎక్కించాను.

ఇప్పుడు అది ఎలా చదువుకోవాలంటే: డీలరు గారు పొడి అద్భుతమన్నారు. డీలరు గారు, ఇదంతా మోసం, అన్నారు. డీలరు గారు, నోరు అదుపులో పెట్టుకోండి, అన్నారు. డీలరు గారు, పెద్దవాళ్లు మీరిద్దరూ ఇలా తగవులాడితే ఎలా, అన్నారు. డీలరు గారు అలిగారు. డీలరు గారు బతిమాలారు. డీలరు గారు చల్లి చూసి, డీలరు గారికి క్షమాపణ చెప్పారు. డీలరు గారు పెద్ద మనసుతో క్షమించారు. దాని కింద నా పాత వాక్యం కూడా ఉంచేశాను. తూర్పూ పడమరా ఒక్క మాట మీద నిలబడ్డాయని. నా పరువు కోసం దాన్ని తీసేస్తే ఎండీ గారికిచ్చిన మాట తప్పినట్టవుతుంది.

రెండు జిల్లాల ఇంటర్నెట్ సెంటర్లలోనూ ఆ వారం అదే చదివారు. చాలామంది ఏదో ఒకటి రాశారు. హెడ్మాస్టరు గారు మాత్రం తనకున్న ఒక్క లాగిన్‌తో వచ్చి, అయ్యా, మీలో మీకు వచ్చిన అభిప్రాయభేదాలు సామరస్యంగా తొలగిపోయినందుకు సంతోషం, నాకు మిగిలిన బస్తాలు మీలో ఎవరికి తిప్పి పంపాలో తెలుపగలరు, భవదీయుడు, అని రాశారు.

మర్నాడు డీలరు గారు మా ఆఫీసుకి వచ్చారు. బావగారూ అనలేదు, భుజం మీద చెయ్యి వేయలేదు. ఆ చర్చ మొత్తం ఆ క్షణమే తీసేయాలన్నారు.

"తప్పకుండా తీసేద్దామండీ. రాసినవాళ్లు వచ్చి అడిగితే తీసేయడం సైటు పద్ధతే. కూర్చోండి, టీ తాగుదాం," అన్నాను.

క్యాంటీన్ అతన్ని పిలిచి ఎన్ని టీలు తేవాలో చెవిలో చెప్పాను. అతను గది అంతా ఒకసారి కలియజూసి, ఇంకా ఎవరైనా వస్తారాండీ, అని అడిగాడు. లేదు, అందరూ వచ్చేశారన్నాను.

ట్రే నిండా గ్లాసులు వచ్చాయి. ఆయన ముందు బల్ల మీద వరసగా పేర్పించాను. మొదటి గ్లాసు పశ్చిమ గుమ్మంలోంచి వచ్చినాయనకి, రెండోది మోసమన్న తూర్పాయనకి, మధ్యస్థం చేసినాయనకి ఒకటి, అలా అందరి పేర్లూ చదువుతూ గ్లాసులు ఆయన వైపు జరిపాను. అలిగినాయనకి మాత్రం చక్కెర కాస్త ఎక్కువ వేయించానని చెప్పాను.

ఆయన ఆ గ్లాసుల వైపు చూస్తూ కూర్చున్నారు. ఆవిరి లేస్తోంది.

"తాగండి," అన్నాను, "ఎవరి టీ వాళ్లు తాగేశాక అందరూ కలిసి అడగండి. చల్లారిపోతే మళ్లీ మీలో మీకు గొడవ."